ఇది పోదా రా?
హెపటైటిస్ బి వైరస్, దాన్ని వెతికి పట్టే టి-కణాల గురించి

పోయిన ఆగస్టులో మన కాలేజీలో రక్తదాన శిబిరం పెట్టారు కదా. నేనూ నా రూమ్మేటూ ఇద్దరం ఇచ్చాం. బిస్కెట్ ప్యాకెట్టు, జ్యూసు, సర్టిఫికెట్టు పట్టుకుని నాచారంలో మా రూముకి వచ్చేశాం. పది రోజుల తర్వాత వాడికి ఫోన్ వచ్చింది, ఒకసారి వచ్చి కౌన్సెలర్‌ని కలవమని. వెళ్లొచ్చి ఏం మాట్లాడకుండా జేబులోంచి చీటీ తీసి నా చేతిలో పెట్టాడు. హెచ్‌బీఎస్‌ఏజీ రియాక్టివ్ అని ఉంది.

దానం చేసిన ప్రతి రక్తపు సంచికీ మన దేశంలో ఐదు పరీక్షలు తప్పనిసరి: హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా. మా వాడికి రెండోది తగిలింది. ఆర్నెల్ల తర్వాత మళ్లీ చేసినా అదే వచ్చింది. ఆరు నెలలు దాటినా రక్తంలో ఉంటే దాన్ని దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్ అంటారు. డాక్టర్ మంచాయన, ఓపిగ్గా చెప్పాడు. "భయపడాల్సింది లేదు. అవసరమైనప్పుడు మందులు మొదలుపెడదాం, అదుపులో ఉంటుంది. పూర్తిగా పోవడం మాత్రం అరుదు."

ఆ రాత్రి లైట్ తీసేశాక వాడు అడిగాడు. "అంటే ఇది పోదా రా?"

నా దగ్గర జవాబు లేదు. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. చీటీ చూసిన మొదటి రోజే నేను నా వాటర్ బాటిల్ తీసి నా మంచం పక్కన వేరేగా పెట్టుకున్నాను. వాడు చూశాడు, ఏమీ అనలేదు. కలిసి తింటే, ఒకే బాటిల్లో నీళ్లు తాగితే ఈ వైరస్ అంటదని మర్నాడు చదివి తెలుసుకున్నాను. అది రక్తం ద్వారా, సూదులూ రేజర్ల ద్వారా, లైంగికంగా, ప్రసవంలో తల్లి నుంచి బిడ్డకూ వస్తుంది. ఆ సిగ్గుతోనే చదవడం మొదలుపెట్టాను. నాది ఈసీఈ, బయాలజీ ఇంటర్‌లో కూడా లేదు. అందుకే మనలాంటి వాళ్లకు అర్థమయ్యేలా రాయగలనేమో అనిపించింది. వాడి పేరు రాయనని మాటిచ్చాను. మిగతాదంతా రాయమని వాడే అన్నాడు.

చిన్న ప్రోగ్రాము, పెద్ద తలనొప్పి

మనిషి జన్యు సమాచారం సుమారు 300 కోట్ల అక్షరాలు. హెపటైటిస్ బి వైరస్‌ది సుమారు 3,200 అక్షరాలే. మన సెమిస్టర్ ప్రాజెక్టు కోడ్ కూడా అంతకంటే పెద్దగా ఉంటుంది. అందులో నాలుగు జన్యువులుంటాయి, అవి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. అదే అక్షరాల వరుసను ఒక అక్షరం జరిపి చదివితే ఇంకో ప్రోటీన్ వస్తుంది. మెమరీ పొదుపు అంటే ఇదీ.

ఈ వైరస్ లివర్ కణంలోకి ఎలా వెళ్తుందో చాలా ఏళ్లు తెలియలేదు. 2012లో బీజింగ్‌లో లీ వెన్‌హుయి బృందం కనిపెట్టింది. లివర్ కణం పైత్యరస లవణాలను లోపలికి లాక్కోవడానికి ఎన్‌టీసీపీ అనే ఒక ద్వారం పెట్టుకుంటుంది. వైరస్ ఆ ద్వారాన్నే పట్టుకుని లోపలికి దూరుతుంది. అందుకే ఇది లివర్‌నే పట్టుకుంటుంది.

అసలు చిక్కు లోపలికెళ్లాక మొదలవుతుంది. వైరస్ డీఎన్‌ఏ వచ్చేటప్పుడు పూర్తిగా ఉండదు, ఒక పోగులో ఖాళీ ఉంటుంది. మన కణంలో డీఎన్‌ఏ రిపేరు చేసే ఎంజైములు ఉంటాయి కదా, అవి పాపం సొంత డీఎన్‌ఏ అనుకుని ఆ ఖాళీని పూడ్చి, రెండు కొసలూ కలిపి గుండ్రంగా మూసేస్తాయి. దీన్ని సీసీసీడీఎన్‌ఏ అంటారు. అది కణ కేంద్రకంలో ఒక చిన్న క్రోమోజోమ్ లాగా కూర్చుంటుంది. వైరస్‌కి కావాల్సిన ఆర్‌ఎన్‌ఏలన్నీ దాన్నుంచే ప్రింట్ అవుతాయి.

ఇప్పుడున్న మందులు టెనోఫోవిర్, ఎంటెకావిర్ మంచి మందులే. వైరస్ తన ఆర్‌ఎన్‌ఏని మళ్లీ డీఎన్‌ఏగా మార్చుకునే మెట్టు దగ్గర అడ్డుపడతాయి. రక్తంలో వైరస్ లెక్క దాదాపు కనపడనంతగా తగ్గిపోతుంది, లివర్ కోలుకుంటుంది, సిరోసిస్, క్యాన్సర్ ముప్పు బాగా తగ్గుతుంది. కానీ కేంద్రకంలో ఉన్న ఆ గుండ్రటి మూలప్రతిని ఇవి ముట్టుకోవు. ప్రింటర్‌లో కాగితం తీసేసినట్టు అన్నమాట, కంప్యూటర్‌లో ఫైల్ అలాగే ఉంటుంది. మందు ఆపితే చాలామందిలో మళ్లీ మొదలవుతుంది. డాక్టర్ "అదుపులో" అన్నాడు గానీ "పోతుంది" అనలేదు, కారణం ఇదే.

ఇక్కడ రెండు మాటలు వేరు చేసి చూడాలి. సీసీసీడీఎన్‌ఏ ఒక్క కాపీ కూడా మిగలకుండా పోతే అది సంపూర్ణ నివారణ. మందులు ఆపాక కూడా రక్తంలో వైరస్ డీఎన్‌ఏ గానీ, హెచ్‌బీఎస్‌ఏజీ అనే పైపొర ప్రోటీన్ గానీ కనపడకుండా నిలిచిపోతే అది 'ఫంక్షనల్ క్యూర్', అంటే మూలప్రతి ఎక్కడో కాస్త ఉన్నా ఒంటికి దాన్ని అణచిపెట్టే శక్తి వచ్చిందని. పరిశోధకులు ప్రస్తుతం దీని వెనకే పడుతున్నారు. రోజూ వేసుకునే మాత్రలతో ఇది వచ్చేది ఏటా నూటికి ఒకరికి, అంతే.

టి-కణాలు ఎందుకు చేతులెత్తేస్తాయి

విచిత్రం ఏంటంటే, పెద్దవాళ్లకు ఈ వైరస్ కొత్తగా సోకితే నూటికి 95 మందికి పైగా దానంతట అదే తగ్గిపోతుంది. అదే పుట్టేటప్పుడు తల్లి నుంచి సోకితే నూటికి 90 మంది పిల్లల్లో జీవితాంతం ఉండిపోతుంది. వైరస్ అదే, ఎదుర్కొనే రోగనిరోధక వ్యవస్థ వేరు.

తగ్గిపోయేవాళ్లలో పని చేసేవి టి-కణాలు. సోకిన కణాన్ని గుర్తుపట్టి చంపడం వాటికి తెలిసిన ఒక దారి. ఇంకో దారి కూడా ఉందని 1999లో గైడోట్టి, కిసారిల బృందం చింపాంజీల మీద చూపించింది. లివర్ కణాలు పెద్దయెత్తున చావకముందే వైరస్ డీఎన్‌ఏ చాలావరకు మాయమైంది. టి-కణాలు లాంటివి వదిలే ఇంటర్‌ఫెరాన్ గామా వంటి సంకేతాలు అందుకుని, లివర్ కణమే లోపల ఉన్న వైరస్‌ను శుభ్రం చేసుకోగలదన్నమాట. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

దీర్ఘకాలిక రోగుల్లో ఇదే టి-కణాలు సంఖ్యలో తగ్గిపోతాయి, మిగిలినవి అలసిపోతాయి. ఏళ్ల తరబడి ఎప్పుడూ అదే యాంటీజెన్ కళ్ల ముందు ఉంటే వాటి మీద పీడీ-1 లాంటి బ్రేకులు పెరిగిపోతాయి. పరీక్షల ముందు నెల రోజులూ నైటవుట్ చేసినవాడు పరీక్ష రోజు పేపర్ చూసి కూడా రాయలేకపోయినట్టు.

పైగా వైరస్ ఒక మోసం చేస్తుంది. అసలు వైరస్ కణాలతో పాటు, లోపల ఏమీ లేని ఖాళీ డొల్లల్ని రక్తంలోకి వదులుతుంది. ఒక్క అసలు వైరస్‌కు వెయ్యి నుంచి లక్ష దాకా డొల్లలు ఉండొచ్చు. యాంటీబాడీలు వాటి వెంట పడతాయి, వైరస్ తప్పించుకుంటుంది. మా వాడి చీటీలో ఉన్న హెచ్‌బీఎస్‌ఏజీ అంటే ప్రధానంగా ఈ డొల్లల పైపొరే. దీన్ని 1960లలో బరూచ్ బ్లంబర్గ్ ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో గుర్తించాడు, ఆ పనికి 1976లో నోబెల్ వచ్చింది.

హబ్సిగూడ రోడ్డు మీది డొల్ల

ఇక్కడ మన ఏరియా వస్తుంది. ఉప్పల్ నుంచి మెట్రో ఎక్కితే స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ. రోజూ తిరిగే దారే. ఆ దారిలో ఉన్న సీసీఎంబీ గేటును నేను మూడేళ్లుగా చూస్తున్నాను. కానీ మా వాడి చీటీకీ ఆ గేటుకీ సంబంధం ఉందని ఈ మధ్యే తెలిసింది.

వైరస్ మోసానికి వాడే ఆ ఖాళీ డొల్లే మనకు టీకా. లోపల జన్యువు లేదు కాబట్టి జబ్బు చేయదు, పైపొర మాత్రం అచ్చం వైరస్‌దే. ముందే చూపిస్తే ఒంటికి పాఠం, జబ్బు ముదిరాక చూస్తే మోసం. ఆ పైపొర జన్యువును ఈస్ట్‌లో పెట్టి తయారు చేస్తారు.

1990ల మొదట్లో ఈ టీకా మన దేశానికి దిగుమతి అయ్యేది, ఒక్క డోసు కొన్ని వందల రూపాయలు. మూడు డోసులు, ఇంట్లో నలుగురు అంటే మామూలు కుటుంబం వల్ల అయ్యే పని కాదు. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1992లో జెనీవాలో ఒక సమావేశానికి వెళ్లి ఈ జబ్బు సంగతి విన్నారు. ఆ టెక్నాలజీ కొనడానికి ప్రయత్నిస్తే భారతీయుల్ని తక్కువ చేసే జవాబు వచ్చిందని ఆయన చాలాచోట్ల చెప్పారు. ఆయన డాక్టర్ కాదు, బయాలజిస్టు కాదు. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. ఈసీఈ వాళ్లు ఒకసారి కాలర్ ఎగరేసుకోవచ్చు.

1993లో అమ్మ పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చిన్న ల్యాబుతో మొదలై, తర్వాత సీసీఎంబీ ఇచ్చిన చోటులో పని సాగింది. పికియా పాస్టోరిస్ అనే ఈస్ట్‌లో ఆ ప్రోటీన్‌ను పండించారు. 1997 ఆగస్టులో శాన్వాక్-బి మార్కెట్లోకి వచ్చింది. మన దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకా అదే. డోసు 50 రూపాయలు.

అయినా టీకా తయారవడం వేరు, ప్రతి పసిబిడ్డకూ అందడం వేరు. సార్వత్రిక టీకా కార్యక్రమంలో 2002-03లో కొన్ని నగరాల్లో, జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, దేశమంతటికీ తెచ్చింది 2011లో. మా వాడు పుట్టింది 2004లో, జగిత్యాల దగ్గర పల్లెలో. "నీకు ఏసిన్రో లేదో యాదికి లేదు బిడ్డా" అంది వాళ్లమ్మ ఫోన్‌లో. డబ్ల్యూహెచ్‌ఓ 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 25.4 కోట్ల మంది దీర్ఘకాలిక హెపటైటిస్ బి తో ఉన్నారు. మన దేశంలో సుమారు 2.98 కోట్లు. అంటే టీకా గెలిచినా, అది అందక ముందే సోకినవాళ్లు కోట్లలో ఉన్నారు. వాళ్లకు టీకా వల్ల ఉపయోగం లేదు. వాళ్ల కోసమే ఇప్పుడు చెప్పబోయే ప్రయత్నం.

కణాన్ని ఎలా మారుస్తారు

ఆలోచన సూటిగా ఉంది. రోగి సొంత టి-కణాల్లో వైరస్‌ను గుర్తించేవి అలసిపోయాయి. మిగతా టి-కణాలు, అంటే వేరే పనుల మీద ఉన్నవి, బాగానే ఉన్నాయి. వాటిని రక్తంలోంచి తీసి, వైరస్‌ను గుర్తించే కొత్త రిసెప్టర్ అమర్చి, ల్యాబ్‌లో సంఖ్య పెంచి, తిరిగి ఎక్కిస్తే? హార్డ్‌వేర్ పాతదే, సెన్సర్ కొత్తది.

ఆ సెన్సర్ రెండు రకాలు.

మొదటిది కార్, అంటే కైమెరిక్ యాంటిజెన్ రిసెప్టర్. 1989లో ఇజ్రాయెల్‌లో జెలిగ్ ఎష్హార్ బృందం దీనికి దారి వేసింది. ఇది పూర్తిగా అసెంబ్లింగే. కణం బయట యాంటీబాడీ నుంచి కోసిన ముక్క, అది లక్ష్యాన్ని పట్టుకుంటుంది. కింద ఒక కాడ, కణ పొరను దాటే భాగం. లోపల సీడీ28 గానీ 4-1బీబీ గానీ ఒక సహాయ సంకేతం, చివర సీడీ3 జీటా అనే అసలు స్విచ్. బయట తగలగానే లోపల స్విచ్ పడుతుంది, టి-కణం దాడికి దిగుతుంది. దీనికి లక్ష్యం కణం పైన కనపడాలి. సోకిన లివర్ కణాల పైపొర మీద హెచ్‌బీఎస్‌ఏజీ కొంత ఉంటుంది కాబట్టి ఈ దారి సాధ్యమైంది.

రెండోది టీసీఆర్, టి-కణాల సహజ రిసెప్టర్. మన ప్రతి కణమూ లోపల తయారయ్యే ప్రోటీన్లను చిన్న ముక్కలుగా కోసి, హెచ్‌ఎల్‌ఏ అనే పళ్లెంలో పెట్టి బయటికి చూపిస్తుంది. టీసీఆర్ ఆ పళ్లెంలోని ముక్కను చదువుతుంది. కాబట్టి కణం లోపల దాగున్న ప్రోటీన్ కూడా దీనికి దొరుకుతుంది, చాలా తక్కువ ఉన్నా పసిగడుతుంది. వైరస్ నుంచి తనంతట తాను బయటపడిన మనిషి ఒంట్లో బాగా పని చేసిన టీసీఆర్ జన్యువును కాపీ చేసి, రోగి టి-కణాల్లో పెడతారు. క్లాస్ టాపర్ నోట్స్ జిరాక్స్ తీసుకున్నట్టే.

కార్-టి పద్ధతి రక్త క్యాన్సర్లలో ఇప్పటికే నిలబడింది. 2012లో అమెరికాలో ఎమిలీ వైట్‌హెడ్ అనే పాపకు లుకీమియా దీనితో తగ్గింది, 2017లో అక్కడ ఆమోదం వచ్చింది. వైరస్ మీద మాత్రం ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

ఇప్పటిదాకా ఏం జరిగింది

జర్మనీలో మ్యూనిక్‌లో ఉల్రికే ప్రోట్సర్ బృందం హెచ్‌బీఎస్‌ఏజీని పట్టుకునే కార్‌ను తయారు చేసింది. 2008లో ల్యాబ్‌లో పెంచిన కణాల్లో చూపించారు, 2013లో ఎలుకల్లో. అందరికీ ఉన్న అనుమానం ఏంటంటే, రక్తం నిండా డొల్లలు తేలుతుంటే కార్ టి-కణాలు వాటితోనే సరిపెట్టుకోవా అని. ఆ ఎలుకల్లో అలా జరగలేదు. కణాలు లివర్‌కి చేరాయి, వైరస్ తగ్గింది, లివర్ దెబ్బ కొద్దిగా కనిపించి సర్దుకుంది. 2019లో అదే కూటమి మనిషి లివర్ కణాలు పెట్టిన ఎలుకల్లో టీసీఆర్ కణాలను పరీక్షించింది. దాంతో పాటు ఎన్‌టీసీపీ ద్వారాన్ని మూసే మందు కూడా ఇచ్చారు. కణాలు సోకినవాటిని ఏరేస్తుంటే, మందు మిగతావాటిని కొత్తగా సోకకుండా కాపాడింది.

మనుషుల్లో మొదటి అడుగులు సింగపూర్‌లోని ఆంటోనియో బెర్తొలెట్టి బృందం చేయి ఉన్న పనులు. అవి మామూలు దీర్ఘకాలిక రోగుల్లో కాదు, ఈ వైరస్ వల్ల వచ్చిన లివర్ క్యాన్సర్ రోగుల్లో. 2015లో ప్రచురించిన మొదటి కేసు చూడండి. ఆ రోగికి అప్పటికే లివర్ మార్పిడి అయింది, కానీ క్యాన్సర్ ఒంట్లో వేరేచోట మళ్లీ వచ్చింది. ఆ గడ్డలు హెచ్‌బీఎస్‌ఏజీ తయారు చేస్తున్నాయి. కొత్త లివర్ వేరే మనిషిది కాబట్టి దాని హెచ్‌ఎల్‌ఏ పళ్లెం వేరు, టీసీఆర్ దాన్ని ముట్టుకోదు. అంటే ఎంచుకున్న రోగిలోనే ఒక సేఫ్టీ ఉంది. రక్తంలో హెచ్‌బీఎస్‌ఏజీ బాగా పడిపోయింది, లివర్‌కి హాని జరగలేదు. గడ్డ మాత్రం తగ్గలేదు.

2019లో మరో ఇద్దరు రోగులు. ఈసారి ముందుగా గడ్డ కణాల్లో వైరస్ డీఎన్‌ఏ ముక్కలు ఎక్కడ అతుక్కున్నాయో చదివి, దానికి సరిపడే టీసీఆర్‌ను ఎంచుకున్నారు. ఒకరిలో ఊపిరితిత్తుల్లోని ఆరు గడ్డల్లో ఐదు ఏడాదిలో చిన్నవయ్యాయి. ఒక్క మనిషి ఫలితంతో పండగ చేసుకోలేం. కానీ ఆ దారిలో ఏదో ఉందని తెలిసింది.

లివర్ దగ్గర వచ్చే చిక్కు

మరి క్యాన్సర్‌లో పని చేసినదాన్ని మా వాడికి ఎందుకు ఇవ్వరు? నేనూ ఇదే అడిగాను.

రక్త క్యాన్సర్‌లో కార్-టి కణాలు సీడీ19 ఉన్న బి-కణాలన్నిటినీ చంపేస్తాయి, మంచివాటినీ చెడ్డవాటినీ కలిపి. బి-కణాలు లేకపోయినా మనిషిని కాపాడుకోవచ్చు, యాంటీబాడీలు బయటి నుంచి ఎక్కిస్తారు. లివర్ అలా కాదు. దీర్ఘకాలిక రోగిలో సోకిన లివర్ కణాలు చాలా ఉండొచ్చు. ఒక్కసారిగా అన్నిటినీ చంపితే వైరస్‌తో పాటు లివరూ పోతుంది. ఎలుకలు కొరుకుతున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు అవుతుంది.

అందుకే సింగపూర్ బృందం మంచి ఇంజనీరింగ్ ఉపాయం చేసింది. రిసెప్టర్ జన్యువును కణంలో శాశ్వతంగా అతికించకుండా, ఎంఆర్‌ఎన్‌ఏ రూపంలో కరెంటు షాక్‌తో లోపలికి పంపింది. ఎంఆర్‌ఎన్‌ఏ కొద్ది రోజుల్లో కరిగిపోతుంది, దాంతో రిసెప్టర్ కూడా పోయి టి-కణం మళ్లీ మామూలు కణం అవుతుంది. తక్కువ డోసుతో మొదలుపెట్టి, లివర్ ఎంజైములు చూసుకుంటూ పెంచుకుంటూ పోవచ్చు. ఏదైనా తేడా వస్తే తర్వాతి డోసు ఆపేస్తే చాలు. టైమర్ పెట్టిన సర్క్యూట్ అన్నమాట. ఇంకో ఆలోచన, ముందు చెప్పిన చింపాంజీల పాఠం. చంపడం తక్కువగా, ఇంటర్‌ఫెరాన్ లాంటి సంకేతాలు ఎక్కువగా ఇచ్చేలా కణాలను మలచగలిగితే, లివర్ కణం బతికే ఉండి లోపలి వైరస్‌ను కడుక్కుంటుంది.

ఇంకో తిరకాసు ఉంది. మామూలు కార్-టి చికిత్సలో కొత్త కణాలకు చోటు చేయడానికి ముందు కీమోతో పాత తెల్ల కణాలను తగ్గిస్తారు. రోగనిరోధక శక్తి తగ్గితే నిద్రపోతున్న హెపటైటిస్ బి లేచి కూర్చుంటుంది. రక్త క్యాన్సర్‌కు కార్-టి ఇచ్చే ముందు హెపటైటిస్ బి పరీక్ష చేసి, ఉంటే యాంటీవైరల్ మాత్రలు మొదలుపెట్టేది ఇందుకే. ఏళ్లకేళ్లు మామూలుగా తిరుగుతూ చదువుకుంటున్న ఇరవై ఒక్కేళ్ల కుర్రాడికి ఇంత ప్రమాదం ఉన్న చికిత్స ఇవ్వడం న్యాయమా? రోజుకో మాత్రతో బతుకు సాగుతున్నప్పుడు కొత్త చికిత్స దానికంటే సురక్షితంగా ఉండాలి. క్యాన్సర్ రోగికి ఒప్పుకునే రిస్కు ఇక్కడ ఒప్పుకోరు.

మన పళ్లెం, మన ఖర్చు

టీసీఆర్‌కు హెచ్‌ఎల్‌ఏ పళ్లెం సరిపోవాలని చెప్పాను కదా. ఈ పళ్లేల్లో వేల రకాలున్నాయి, ఒక్కో జనసమూహంలో ఒక్కోటి ఎక్కువ. ఎక్కువ పరిశోధన జరిగింది యూరప్‌లో బాగా కనిపించే ఏ-02:01 మీద. మన దేశంలో ఏ2 కుటుంబంలోనే ఏ-02:11 లాంటి వేరే రూపాలు చెప్పుకోదగ్గంత ఉన్నాయి. అక్కడ కుట్టిన చొక్కా ఇక్కడ అందరికీ పట్టదు. మ్యూనిక్‌లోనో సింగపూర్‌లోనో అంతా తయారయ్యాక కొనుక్కుందాం అనుకుంటే, జగిత్యాల కుర్రాడికి అది సరిపోకపోవచ్చు.

మన జన్యువుల వైవిధ్యం గురించి తెలిసిన చోటు మళ్లీ ఇదే రోడ్డు. భారతీయుల్లో రెండు ప్రాచీన మూలాలు కలిశాయని, చిన్న సమూహాల్లోనే పెళ్లిళ్లు చేసుకోవడం జన్యువుల్లో ముద్ర వేసిందని 2009లో నేచర్ పత్రికలో వచ్చిన ప్రసిద్ధ అధ్యయనంలో సీసీఎంబీ నుంచి లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్ ఉన్నారు. డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ సంస్థ సీడీఎఫ్‌డీ ఇప్పుడు ఉప్పల్‌లో ఉంది. ఒకప్పుడు దాని అడ్రసు మా నాచారమే. ఎవరికి ఏ పళ్లెం ఉందో తెలుసుకునే విద్య మనకు మెట్రోలో రెండు మూడు స్టేషన్ల దూరం.

ఇక డబ్బు. అమెరికాలో మొదటి కార్-టి ధర 2017లో 4,75,000 డాలర్లు. మన దేశంలో ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తెచ్చిన నెక్స్‌కార్19కి 2023 అక్టోబర్‌లో అనుమతి వచ్చింది, 2024 ఏప్రిల్‌లో రాష్ట్రపతి ప్రారంభించారు. ఖర్చు 30, 40 లక్షల రూపాయల ప్రాంతంలో. అమెరికాతో పోలిస్తే పదో వంతు. అయినా 40 లక్షలంటే మా ఊళ్లో ఎన్ని ఎకరాలో లెక్కేసుకోండి. ఒక్కో రోగికి ఒక్కో బ్యాచ్ విడిగా తయారు చేయాలి, శుభ్రమైన గదులు, రోజుల తరబడి పెంపకం, ప్రతి మెట్టులో పరీక్ష. ఇక్కడే బయాలజీ ఆగి మన సబ్జెక్టులు మొదలవుతాయి: సెన్సర్లు, ఆటోమేషన్, బయోరియాక్టర్ కంట్రోల్, నాణ్యత పరీక్షల్లో సాఫ్ట్‌వేర్. దిగుమతి టీకాను 50 రూపాయలకు దింపింది ఒక ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు మొండితనం అయితే, ఈ కణాల ధర దింపేది కూడా అలాంటివాళ్లే అవుతారని నా నమ్మకం.

వాడికి నేను చెప్పింది

నాలుగు నెలలు చదివాక ఒక ఆదివారం ఉప్పల్ నుంచి రూముకి నడుస్తూ వాడికి ఇదంతా చెప్పాను. వాడికి అసలు భయం లివర్ గురించి కాదు. వాళ్ల బాబాయి దమ్మామ్‌లో ఉంటాడు, డిగ్రీ అవగానే రమ్మన్నాడు. గల్ఫ్ వీసా మెడికల్‌లో ఈ పాజిటివ్ వస్తే అన్‌ఫిట్ కొడతారు. ఒంట్లో ఏ బాధా లేకుండా, ఏ తప్పూ చేయకుండా ఒక దారి మూసుకుపోయింది. వాడికి కావాల్సిన 'పోవడం' అంటే ఆ చీటీ మీద ఒక్క పదం మారడం. ఫంక్షనల్ క్యూర్ అనే మాట విలువ నాకు అప్పుడు అర్థమైంది. హెచ్‌బీఎస్‌ఏజీ నెగెటివ్ కావడం అంటే శాస్త్రవేత్తకు ఒక కొలత, వాడికి ఒక టికెట్.

"ఈ రోజైతే పోదు రా" అన్నాను. "కానీ ఎందుకు పోవట్లేదో తెలుసు. ఎక్కడ దాక్కుందో తెలుసు. పట్టుకునే కణాలు తయారు చేయడం తెలుసు. లివర్‌ని కాపాడుకుంటూ, తక్కువ ఖర్చులో చేయడం ఇంకా రాలేదు. అప్పటిదాకా నీ లివర్ బాగుండాలి, అది నీ చేతిలో పని."

ఆ పని ఇది. ఆర్నెల్లకోసారి లివర్ ఎంజైములు, వైరస్ లోడ్, అల్ట్రాసౌండ్. పాజిటివ్ వచ్చిన ప్రతి ఒక్కరికీ వెంటనే మందు అక్కర్లేదు, అది డాక్టర్ ఈ పరీక్షలు చూసి చెప్తాడు. మందు రోజూ వేసుకోవాల్సి వస్తే మధ్యలో సొంతంగా ఆపకూడదు. మద్యం వద్దు. నాటుమందుల జోలికి పోవద్దు. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లోని కేంద్రాల్లో పరీక్షలూ మందులూ ఉచితం. ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోవాలి. వాళ్లమ్మ కూడా చేయించుకుంది.

మిగతా మనందరికీ: ఒకసారి హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష చేయించుకోండి, నెగెటివ్ అయితే, చిన్నప్పుడు టీకా వేశారో లేదో తెలియకపోతే, మూడు డోసులు వేయించుకోండి. మొదటిది, నెలకి రెండోది, ఆరో నెల మూడోది. ఇంట్లో బిడ్డ పుడితే 24 గంటల్లోపు మొదటి డోసు పడేలా చూడండి.

నేను మొదటి డోసు వేయించుకున్న రోజు మా వాడే తోడు వచ్చాడు. నర్సు సూది గుచ్చుతుంటే నేను మొహం చిట్లించాను. "గింత దానికే గట్లైతే ఎట్ల మామా" అని నవ్వాడు. బయటికొచ్చాక దాహం వేసి వాడి బాటిల్ అడిగాను. ఒక్క క్షణం నా వైపు చూసి ఇచ్చాడు.